ఏ మాటన్నా సరిపోయే నాటకం

మా ఆయన చేసిన ఉద్యోగాలన్నీ వరసగా చెప్పమంటే, కట్టుకున్నదాన్ని, నేనే తడబడతాను. పెళ్ళినాటికి కోర్టులో టైపిస్టు. నెమ్మదస్తుడు, నోట్లో నాలుక లేనివాడు, స్థిరమైన ఉద్యోగం అని మా నాన్న మురిసిపోయి నన్నిచ్చాడు. పాపం మా నాన్న. ఆ నెమ్మదంతా పక్కవాళ్ళ మాటలు పొల్లుపోకుండా వినడానికేనని ఆయనకేం తెలుసు?

ఏడాది తిరక్కుండానే ఆ ఉద్యోగం ఊడింది. ఒక ముసలి సాక్షి చెప్పిన వాంగ్మూలం మా ఆయన టైపు చేశాడు. జడ్జిగారు చదివి వినిపించమన్నారు. ఈయన గొంతు సవరించుకుని చదివాడు: "ఆ రోజు నేను ఇంట్లోనే ఉన్నాను, దగ్గు, దగ్గు, ఇక్కడ సాక్షి లాయరుగారి వంక చూశాడు, లాయరుగారు తల అడ్డంగా ఊపారు, దగ్గు, కాదు కాదు, ఆ రోజు నేను ఊళ్ళోనే లేను." హాలంతా గొల్లుమంది. అందరికంటే ముందు నవ్వింది జడ్జిగారే. ఈయన్ని ఇంటికి పంపించిందీ ఆయనే.

నేను నెత్తిన చేతులు పెట్టుకుని కూర్చుంటే ఈయన అరచేతులు రుద్దుకుంటూ ఇల్లంతా తిరిగాడు. "మొదటి అంకం దొరికిందే" అన్నాడు. అలా పుట్టింది ‘సాక్షికి జలుబు’ అనే నాటకం. అందులో లాయరు వేషం మా అన్నయ్య వేశాడు. జనం కడుపుబ్బా నవ్వారు. నాకప్పుడే అర్థమై ఉండాల్సింది, ఇక ఈ మనిషి ఏ కుర్చీలోనూ కుదురుగా కూర్చోడని.

ఆ తర్వాత పళ్ళ డాక్టరు దగ్గర చేరాడు, వచ్చినవాళ్ళ పేర్లు రాసుకుని వరసలో పంపే పని. భయపడేవాళ్ళనందరినీ ఒకే బల్లమీద కూర్చోబెట్టి వాళ్ళు ఒకరికొకరు చెప్పుకునే ధైర్యాలు వినేవాడు. ‘పళ్ళ డాక్టరుకి పంటినొప్పి’ రాశాడు. డాక్టరుగారు ముందు వరసలో కూర్చుని నోరంతా తెరిచి నవ్వితే, ఆయన నోట్లో ఎన్ని పుచ్చుపళ్ళున్నాయో ఊరందరికీ తెలిసిపోయింది. అక్కడా ఉద్యోగం గోవిందా. తర్వాత రేడియోకి దగ్గుమందు ప్రకటనలు రాశాడు, అవి చదివింది మా అన్నయ్యే. తర్వాత సినిమావాళ్ళు కారు పంపి తీసుకెళ్ళారు. హీరో విలన్‌ని చితక్కొట్టిన ప్రతిసారీ వెనకాల ఒక నవ్వు కావాలన్నారట. "దెబ్బలు తిన్నవాడు ఇంకా లేవనే లేదు, అప్పుడే నవ్వమంటే ఎవరు నవ్వుతారండీ" అని చెప్పి, వాళ్ళు కప్పిన శాలువా భుజాన వేసుకుని బస్సులో తిరిగొచ్చాడు. ఒక మంత్రిగారికి ఉపన్యాసాలు రాశాడు. సీలింగు ఫ్యాను డబ్బాలో పెట్టే, ఎలా బిగించాలో చెప్పే కాగితాలు కూడా రాశాడు. ఆ కాగితం చదివి నవ్వి నవ్వి స్టూలుమీంచి పడ్డానని ఒకాయన కంపెనీకి ఫిర్యాదు చేశాడు.

వాటన్నిటిలోకీ నాకు గుర్తుండిపోయింది పత్రికలో చేసిన పని. చనిపోయినవాళ్ళ గురించి నాలుగు ముక్కలు రాసి అచ్చుకివ్వడం. నవ్వించేవాడికి ఇదేం పనని నేను తిట్టుకున్నాను. కౌంటరు దగ్గర కొడుకో కూతురో నిలబడి ఏడుస్తుంటే ఈయన "ఆయన పొద్దున లేవగానే ఏం చేసేవాడు?" అని అడిగేవాడట. ఒకసారి ఒకావిడ తన భర్త గురించి, అడిగినవాళ్ళకల్లా గొడుగిచ్చి తను తడుస్తూ వచ్చేవాడని చెప్పింది. ఈయన పత్రికలో అదొక్కటే రాశాడు. ఆ మర్నాడు ఆవిడ ఇంటిముందు, ఎన్నేళ్ళనాడో తీసుకున్న గొడుగులు తెచ్చి జనం పెట్టిపోయారు. ఆ సంగతి చెబుతూ మా ఆయన కళ్ళు తుడుచుకున్నాడు. తర్వాత వంటగదిలోకి వచ్చి మెల్లిగా, "దీంట్లో మంచి నాటకం ఉంది సుమా" అన్నాడు. ‘అద్దె గొడుగు’ అదే. దాంతో మా అన్నయ్యని ఊరు నెత్తిన పెట్టుకుంది. వీధిలో కనిపిస్తే పిల్లలు కూడా "గొడుగాయనా" అని పిలిచేవాళ్ళు.

మా అన్నయ్య పగలంతా గడియారాలు బాగుచేసేవాడు. నాటకంలో ఒక మాటకీ ఇంకో మాటకీ మధ్య ఎంతసేపు ఆగాలో ఆయనకి తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదు. మా ఆయన రాస్తే కాగితం మీద మాటలుండేవి. అన్నయ్య నోట పడితే అవి మనుషులయ్యేవి. ఇద్దరూ ఒకరినొకరు ‘బావా’ అని పిలుచుకుంటూ, పొద్దస్తమానం కీచులాడుకుంటూ, ఒకరు లేకపోతే ఒకరు కాలు కాలిన పిల్లిలా తిరిగేవాళ్ళు. నా పని ప్రాంప్టింగు. తెర పక్కన ఎడమవైపు, జనానికి కనబడకుండా స్టూలు వేసుకుని, ఒళ్ళో పుస్తకంతో కూర్చుని, ఎవరైనా మాట మరిచిపోతే అందించేదాన్ని. ముప్ఫై ఏళ్ళు అదే స్టూలు. అన్నయ్యకి మాట అందించాల్సిన అవసరం ఎప్పుడూ రాలేదు.

వదిన పోయాక అన్నయ్య మా మేడమీద గదిలోకి వచ్చేశాడు. ఆ తర్వాతే మొదలైంది. మొదట కళ్ళద్దాలు, తర్వాత దుకాణం తాళాలు, తర్వాత దుకాణానికి దారి. విప్పిన గడియారాన్ని మళ్ళీ బిగించలేక, ముక్కలన్నీ ఒక గుడ్డలో మూటకట్టి ఇంటికి తెచ్చి నాకిచ్చిన రోజున డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాం. ఇది తగ్గేది కాదని ఆయన మెల్లిగా చెప్పాడు. మతి ఒక్కో గదిలోనూ దీపం ఆర్పుకుంటూ పోతుందన్నాడు.

అయినా స్టేజి మీద మాత్రం మాట తప్పలేదు. అందుకే మేమూ ధైర్యం చేశాం. ఒక సాయంత్రం ‘పళ్ళ డాక్టరు’ మళ్ళీ వేస్తున్నాం. అన్నయ్య తెల్లకోటు వేసుకుని, కుర్చీలో పేషెంటు తలని వెనక్కి వంచి, నోట్లోకి తొంగిచూసి, గంభీరంగా అన్నాడు: "ఇంత అబద్ధం ఎక్కడ దాచావయ్యా?"

అది ‘సాక్షికి జలుబు’లో లాయరు మాట. కానీ జనానికి అదేం తెలుసు? పళ్ళ డాక్టరు నోట్లోకి చూసి ఆ మాటనేసరికి హాలు పైకప్పు ఎగిరిపోయేట్టు నవ్వారు. తర్వాతి మాట మాత్రం రాలేదు. అన్నయ్య ఎడమవైపు తిరిగి నాకేసి చూశాడు. నేను మాట అందించాను. వినబడింది, కానీ అది దేనికి సంబంధించిందో ఆయనకి పట్టుబడలేదు. అలాగే చూస్తూ నిలబడ్డాడు. ముందు వరసవాళ్ళు ఇంకా నవ్వారు. తర్వాత ఎవరో ఈల వేశారు. ఇంకెవరో "గొడుగు మరిచిపోయాడు, వెతకండ్రా" అన్నారు. అప్పుడు వచ్చిన నవ్వు మా అన్నయ్య ముప్ఫై ఏళ్ళు వినని నవ్వు. అది ఎలాంటిదో ఆయనకి తెలిసింది. తెల్లకోటు విప్పి, జాగ్రత్తగా మడిచి, కుర్చీ మీద పెట్టి లోపలికి వచ్చేశాడు.

హాలు మేనేజరు మంచివాడే. "అక్కయ్యగారూ, ఇంక ఆయన్ని ఇబ్బంది పెట్టొద్దండీ. జనానికి ఆయన బాగున్నప్పటి సంగతే గుర్తుండనివ్వండి" అన్నాడు.

కానీ అన్నయ్యకి ఆ సంగతి ఎవరు చెప్పాలి? చెప్పినా ఎన్నాళ్ళు గుర్తుంటుంది? రోజూ సాయంత్రం స్నానం చేసి, తల దువ్వుకుని, బూట్లు వేసుకుని మెట్లు దిగొచ్చేవాడు. "చెల్లాయ్, హాలుకి టైమవుతోంది" అనేవాడు. ఈరోజు నాటకం లేదన్నయ్యా అంటే, నెమ్మదిగా బూట్లు విప్పుకుని, తల వంచుకుని, "మొన్న నేనేదో తప్పు చేశాను కదూ" అనేవాడు. అన్నీ మరిచిపోయిన మనిషికి ఆ ఒక్క ఈల మాత్రం గుర్తుండిపోయింది. చివరికి అది మిగుల్చుకుని పోతాడా నా అన్నయ్య?

మా ఆయనేమో ఏ పనీ లేనట్టు మేడమీద అన్నయ్య గదిలోనే కూర్చునేవాడు. పొద్దున టీ తాగి ఎక్కితే మధ్యాహ్నం భోజనానికి దిగడం, తిని మళ్ళీ ఎక్కడం. కింద నుంచి నాకు ఇద్దరి మాటలూ వినబడేవి. అన్నయ్య ఒక నాటకంలో మొదలెట్టి ఇంకో నాటకంలో తేలేవాడు. ఈయన కాదని దిద్దేవాడు కాదు. ఏదో ఒకటి జవాబిచ్చేవాడు. కాసేపటికి ఇద్దరూ నవ్వేవాళ్ళు. నాకు ఒళ్ళు మండింది.

"మా అన్నయ్య మతి పోయి మాట్లాడుతుంటే మీకు వేడుకగా ఉందా?" అన్నాను ఒకరోజు, కంచం ముందు పెడుతూ.

"వేడుక కాదే. నిన్న మధ్యాహ్నం ఏం తిన్నాడో బావకి తెలియదు. కానీ నేను రాసిన మాటలు ఒక్కటీ పోలేదు. చిక్కుపడ్డాయి, అంతే."

"చిక్కుపడ్డవాటితో ఏం చేస్తారు?"

"ఆ రోజు పళ్ళ డాక్టరు నోట్లోకి చూసి అబద్ధం ఎక్కడ దాచావన్నాడు చూడు, నా జన్మలో అంత మంచి మాట ఆ చోట నేను రాయలేదు. అక్కడ పొరపాటు బావది కాదు. ఎదురుగా ఉన్నవాడి దగ్గర దానికి జవాబు లేకపోవడం, అదీ పొరపాటు." కంచంలో చెయ్యి పెట్టకుండానే చెప్పుకుపోయాడు. "బావ ఏ మాటన్నా సరిపోయే నాటకం ఒకటి రాస్తున్నాను."

నాకు కోపం కట్టలు తెంచుకుంది. "ఒకసారి నవ్వులపాలైంది చాలదా? మళ్ళీ నలుగురిలో నిలబెట్టి వేళాకోళం చేయిస్తారా? ఈసారి ఎవరైనా ఈల వేశారంటే ఆయన మళ్ళీ లేవడు. అది మీకు అర్థమవుతోందా?"

"అవుతోంది" అన్నాడు. నన్ను ఒప్పించాలని చూడలేదు.

ఆ నాటకం పేరు ‘కాస్త కూర్చోండి’. ఒక ఆఫీసులో వచ్చినవాళ్ళు వేచి ఉండే గది. రెండు బల్లలు, గోడకి ఆగిపోయిన గడియారం, ‘లోపల’ అని రాసి ఉన్న మూసిన తలుపు. తలుపు పక్కన ఒక పెద్దాయన కూర్చుని ఉంటాడు. ఆయనెవరో ఎవరికీ తెలియదు. లోపలికి పంపించేది ఆయనేనని అందరూ అనుకుంటారు. వచ్చిన ప్రతివాడూ ఆయన దగ్గరికెళ్ళి, "మేం మీవాళ్ళమేనండీ" అని పళ్ళికిలిస్తాడు. పెద్దాయన ఏమన్నా సరే, ఎవరికి కావలసినట్టు వాళ్ళు అర్థం చేసుకుంటారు.

కాగితాలు నాకిచ్చి చదవమన్నాడు. నేను ముప్ఫై ఏళ్ళుగా నాటకాల పుస్తకాలు పట్టుకున్నదాన్ని. ఎక్కడ మొదలై ఎక్కడికి పోతుందో పేజీ తిప్పకుండానే చెప్పగలను. ఇలాంటిది మాత్రం చూడలేదు. అన్నయ్య నోట ఇంకా నిలిచి ఉన్న మాటలన్నీ ఏరి రాసిపెట్టాడు. ఒక్కోదానికీ స్టేజి మీద ఎవరుంటే వాళ్ళివ్వాల్సిన జవాబులు విడివిడిగా ఉన్నాయి. అన్నయ్య ఏ మాట ముందన్నా, ఏది వెనకన్నా, అన్నదే మళ్ళీ అన్నా, అసలేమీ అనకపోయినా కథ ముందుకే పోతోంది. నేను పేకముక్కల్లా కాగితాలు కలిపేసి మళ్ళీ చదివాను. సరిపోయింది. ఇంకోసారి కలిపాను. మళ్ళీ సరిపోయింది. ఇన్నేళ్ళు కాపురం చేశాను, ఈయన చొక్కాకి ఎన్ని బొత్తాలు ఊడాయో చెప్పగలను, ఈ మనిషెవరో మాత్రం నాకు తెలియదనిపించింది.

మా బృందంలో అప్పటికి మిగిలింది ముగ్గురు. సర్కారు గిడ్డంగిలో గుమాస్తా, టైపు నేర్పే టీచరమ్మ, బక్కాయన అని మేం పిలిచే రిటైరైన కాంపౌండరు. రిహార్సల్లో అన్నయ్య బదులు మా ఆయనే కూర్చుని, ఇష్టమొచ్చిన మాట విసిరేవాడు. వాళ్ళు క్షణం తడుముకోకుండా అందుకోవాలి. ముగ్గురికీ తల ప్రాణం తోకకొచ్చింది.

"గురువుగారూ, ఏం చెప్పినా మన పనికే తిప్పుకోవడమంటే ఎలాగండీ?" అన్నాడు బక్కాయన, చెమట తుడుచుకుంటూ.

"నువ్వు ఆఫీసులకి వెళ్ళలేదా ఎప్పుడూ? అక్కడ అందరూ చేసేది అదేగా" అన్నాడు మా ఆయన.

ఇక నా సంగతి. రేపు నాటకమనగా, హాల్లో నా స్టూలు కోసం చూస్తే కనబడలేదు. ఎడమవైపు బల్ల చూపించి, "నీ చోటు అది" అన్నాడు.

"స్టేజి మీదా? నేనా? నాకు వేషాలేమిటి, మీకు మతి గాని పోయిందా?"

"బావకి మాట అందకపోతే నీకేసి చూస్తాడు. నువ్వు పక్కన చాటుగా ఉంటే అది మరుపని జనానికి తెలిసిపోతుంది. నువ్వు ఎదురుగా ఉన్నావనుకో, ఒక పెద్దాయన బల్లమీద కూర్చున్నావిడ వంక చూస్తున్నాడు, అంతే. అదీ నాటకమే."

ఆ ఆలోచన ఎంత చిన్నది, ఎంత సరైంది. "మరి నేనేం చెయ్యాలి?" అన్నాను చివరికి.

"సంచి ఒళ్ళో పెట్టుకుని కూర్చో. పుస్తకం వద్దు. నీకు ఒక్కటే మాట. ‘మీవాళ్ళమేనండీ’ అనాలి."

"ఎక్కడ?"

"ఇక్కడని రాయలేదు. వేరే జవాబేదీ తోచని చోట" అని, ఇంకేదో పని ఉన్నట్టు వెళ్ళిపోయాడు.

మా ఆయన పట్టుబడితే మేనేజరు ఆదివారం మధ్యాహ్నం ఒక్క ఆట వేసుకోమన్నాడు. గొడుగాయన మళ్ళీ వస్తున్నాడంటే హాలు నిండింది. పాత ఇష్టంతో వచ్చినవాళ్ళున్నారు, ఆ ఈల సంగతి విని తమాషా చూడ్డానికి వచ్చినవాళ్ళూ ఉన్నారు. తెర లేచేసరికి అన్నయ్య కుర్చీలో, నేను బల్లమీద. దీపాల వెలుగు మొహాన పడగానే నేను ఒళ్ళోని సంచి గట్టిగా పట్టుకున్నాను. అన్నయ్య మాత్రం కోటు సర్దుకుని హాయిగా కూర్చున్నాడు.

గుమాస్తా వచ్చాడు. వంగి వంగి దణ్ణం పెట్టాడు. "అయ్యా, మేం మీవాళ్ళమేనండీ. నా బదిలీ సంగతి కాస్త..."

అన్నయ్య పలకలేదు. హాలు చూస్తోంది. ఆయన మెల్లిగా ఎడమవైపు తిరిగి నాకేసి చూశాడు. అవే కళ్ళు, ఆ రోజు చూసినట్టే. గుమాస్తా కూడా అటు చూసి, గొంతు తగ్గించి, "ఆవిడ విన్నా ఫర్వాలేదండీ, నా బదిలీ అందరికీ తెలిసిందే" అన్నాడు.

నవ్వు వచ్చింది. వెచ్చటి నవ్వు. అన్నయ్య దాన్ని విన్నాడు. వెన్ను నిటారుగా అయింది, గడ్డం కాస్త పైకి లేచింది. నాకు తెలుసు ఆ గడ్డం.

"రెండు చెంచాలు. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి" అన్నాడు. రేడియోలో దగ్గుమందు మాట.

"అంతేనాండీ?" అన్నాడు గుమాస్తా, కళ్ళనీళ్ళు పెట్టుకుని. "మా ఆఫీసరు పొద్దున్నుంచి సాయంత్రందాకా పెడతాడండీ చివాట్లు. రెండుసార్లయితే ఈ ఊళ్ళోనే ఉండిపోతాను."

హాలు దద్దరిల్లింది. టీచరమ్మ వచ్చింది. పుట్టినతేదీ సర్టిఫికెట్టులో ఏడాది తప్పు పడి, వాళ్ళమ్మ కంటే తను పెద్దదైపోయిందని మొరపెట్టుకుంది. అన్నయ్య ముందుకు వంగి, కోర్టు గొంతుతో, "సంఘటన జరిగినప్పుడు మీరక్కడ ఉన్నారా?" అన్నాడు.

"ఉండకపోతే ఎలాగండీ, పుట్టింది నేనే కదా."

బక్కాయన వచ్చి పక్కింటివాడి మీద ఫిర్యాదు విప్పబోతుంటే అన్నయ్య కిటికీ వైపు చూసి నిట్టూర్చాడు. "గొడుగు తీసుకెళ్ళినాయన ఇంకా రాలేదు."

"చూశారా," అన్నాడు బక్కాయన అందరివైపూ తిరిగి, "మా పక్కింటాయన సంగతి వీరికీ తెలుసు."

ఇక ఆపేవాళ్ళు లేరు. అన్నయ్య ఒక్కో మాట అంటున్నాడు, ఎక్కడ ఆగాలో అక్కడ ఆగుతున్నాడు. కోర్టు, పళ్ళ డాక్టరు బల్ల, రేడియో గది, పత్రిక కౌంటరు దగ్గర ఏడ్చినావిడ, అన్నీ ఆయన నోటమ్మట వరస లేకుండా వచ్చేస్తున్నాయి. కుదురులేని మొగుడని నేను విసుక్కున్న ఏళ్ళన్నీ నా కళ్ళముందు ఒక్కచోట నిలబడ్డాయి. ఒక్క ఉద్యోగం తక్కువైనా ఆ మధ్యాహ్నం మా అన్నయ్యకి ఒక మాట తక్కువయ్యేది. జనం పొట్టలు పట్టుకుంటున్నారు. ఈల వేయడానికి వచ్చినవాళ్ళు కూడా అందరికంటే గట్టిగా నవ్వుతున్నారు. నాకేమో భయం పోయి, గుడిలో ఉన్నట్టుంది.

నాటకం చివరికొచ్చింది. ముగ్గురూ ఎవరికి కావలసింది వాళ్ళు దొరికిందనుకుని సంబరంగా వెళ్ళిపోవాలి, పెద్దాయన కుర్చీలో మిగిలిపోవాలి, తెర పడాలి. ముగ్గురూ వెళ్ళారు. తెర పడలేదు, ఎందుకంటే అన్నయ్య లేచాడు.

లేచి తిన్నగా నా దగ్గరికి వచ్చాడు. ఎదురుగా నిలబడి నా మొహంలోకి చూశాడు. చాలాసేపు చూశాడు. తర్వాత, బయటివాళ్ళతో మాట్లాడే మర్యాదతో అడిగాడు: "ఎవరమ్మా మీరు?"

అన్నయ్య చెప్పిన ప్రతి మాటా ఏ నాటకంలో ఏ పేజీలోదో నాకు తెలుసు. ఇది ఏ నాటకంలోదీ కాదు.

జనం నవ్వారు. వాళ్ళకి అది ఇంకో చమత్కారం. చిన్నప్పుడు నన్ను వీపున ఎక్కించుకుని తిప్పిన అన్నయ్య, రోజూ చెల్లాయ్ అని పిలుస్తూ మెట్లు దిగే అన్నయ్య. నేను చెల్లెల్ని అని అరవాలనిపించింది. అరిస్తే ఆయన బెదిరిపోతాడు, హాలు బిగుసుకుపోతుంది, అంతా అయిపోతుంది. ఒళ్ళో పుస్తకం లేదు. ఏ జవాబూ తోచలేదు. అప్పుడు నా నోట ఆ ఒక్క మాట వచ్చింది.

"మీవాళ్ళమేనండీ."

హాలు ఒక్కసారిగా పగలబడి నవ్వింది. నాటకమంతా అందరూ ఆయన్ని కాకాపట్టడానికి అన్న మాటే అది. అన్నయ్య నవ్వలేదు. నా మాట నమ్మాడు. ఆయన మొహం విప్పారింది.

"మనవాళ్ళయ్యుండి బయట కూర్చోవడమేమిటమ్మా? రండి, రండి" అని నా చెయ్యి పట్టుకుని లేపాడు. నాటకమంతా ఎవరూ తెరవని ఆ తలుపు దగ్గరికి నడిపించి, దాన్ని తోసి, నన్ను ముందు వెళ్ళనిచ్చి, తను వెనకాల లోపలికి వచ్చాడు.

తెర పడిన చప్పుడు వినబడింది. ఆ వెనకాలే చప్పట్లు. హాలంతా లేచి నిలబడిందని తర్వాత చెప్పారు.

తలుపు వెనక, చెక్కలూ తాళ్ళూ ఉన్న చీకట్లో, మా ఆయన నిలబడి ఉన్నాడు. అన్నయ్య నా చెయ్యి ఆయనకి అప్పగించాడు. "బావా, వీరు మనవాళ్ళట. కాస్త టీ ఇప్పించు" అన్నాడు. ముగ్గురు నటులూ వచ్చి అన్నయ్యని పట్టుకుని జనానికి దణ్ణం పెట్టించడానికి తెర ముందుకి తీసుకెళ్ళారు. చప్పట్లు ఇంకా పెరిగాయి. ఆయన నవ్వు అక్కడిదాకా వినబడుతోంది, ఏ తప్పూ చేయనివాడి నవ్వు.

నేను మా ఆయన చొక్కా పట్టుకున్నాను. "నన్ను గుర్తుపట్టడని మీకు ముందే తెలుసా?"

"నిన్ను మరిచిపోడనే అనుకున్నాను. నన్నడిగాడు."

"ఎప్పుడు?"

"ఈ నాటకం రాయడం మొదలుపెట్టకముందు. బావకి గడ్డం గీస్తున్నాను, అద్దంలోంచి నన్ను చూసి, ఎవరండీ మీరు అన్నాడు."

"మీరేమన్నారు?"

జడ్జిగారి ముందూ, మంత్రిగారి ముందూ తడుముకోని మనిషి నేలకేసి చూశాడు. "ఏమీ అనలేకపోయాను. బావ మొహాన సబ్బు అలాగే ఉంచి మెట్లు దిగి వచ్చేశాను. ఇన్ని ఉద్యోగాలు చేసి, ఇంతమంది మాటలు విని, ఆ ఒక్కదానికి నా దగ్గర జవాబు లేదు. మళ్ళీ అడిగితే చెప్పడానికి ఒక మాట కావాలి కదా. అది దొరకడానికే మిగతా నాటకమంతా రాయాల్సి వచ్చింది."